నెలల లెక్క

మామిడిపల్లి, శంషాబాద్,
9 జూలై 2011.

శేషారత్నం వదినగారికి మంగాదేవి నమస్కరించి రాసేది.

మీకు ఫోనులో మాట సరిగా వినపడదు గనుక, పట్టాభిరామయ్య అన్నయ్యగారికి చెప్పిన కబురే మళ్ళీ తీరిగ్గా రాస్తున్నాను. పోయిన శుక్రవారం మా రేవతి మగపిల్లాణ్ణి కంది. మీ అబ్బాయి భార్గవ్‌కు తొలి సంతానం, మనిద్దరికీ తొలి మనవడు. తల్లీబిడ్డా ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, క్షేమం. బిడ్డకు కాస్త పచ్చకామెర్లు కనిపించాయని గాజుపెట్టెలో దీపం కింద ఉంచారు. ఈ రోజుల్లో ఇది మామూలేనట.

సీమంతం చేసి పుట్టింటికి పంపి నెలైనా కాలేదు, అప్పుడే పురుడేమిటని మీరు కంగారు పడే ఉంటారు. కంగారేం లేదు వదినగారూ. తప్పింది మన లెక్కే. డాక్టరమ్మ బిడ్డను చూసి, "మీరు నెల పైచిలుకు తక్కువ లెక్కేసుకున్నారమ్మా, వీడు నిండునెలల బిడ్డే" అంది. మన కాలంలో మాత్రం ఎవరు సరిగా లెక్కపెట్టుకున్నాం. పోనీలెండి, అంతా మంచికే.

బిడ్డను చూడాలని మీకు ఉంటుంది, నాకు తెలుసు. ఇక్కడ వానలు పట్టుకున్నాయి, మాది చూస్తే చిన్న ఇల్లు. మా ఆయనకు విమానాశ్రయంలో సరుకుల విభాగంలో డ్యూటీలు వేళాపాళా లేకుండా పడుతున్నాయి. పురుడు వెళ్ళాక, బిడ్డ కాస్త ఒళ్ళు చేశాక నేనే కబురు పెడతాను. అప్పుడు ఇద్దరూ వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్దురుగాని. ఓడ మీదున్న అల్లుడుగారికి కూడా నిండునెలల బిడ్డేనని చెప్పించండి. దూరాన ఉన్న మనిషి, ఊరికే బెంగపెట్టుకుంటారు.

మీ వదిన,
మంగాదేవి


రేపల్లె,
20 జూలై 2011.

మంగాదేవి వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మనవడు పుట్టాడని ఈయన వీధి వీధంతా పంచదార పంచారు. నేనూ పంచాను. పంచుతూనే మనసులో వేళ్ళు మడుచుకున్నాను. తప్పుగా అనుకోకండి, నాకు చెవులు పోయాయి గానీ లెక్కలు పోలేదు.

ఏడో నెల అని మా పంతులుగారితో ముహూర్తం పెట్టించింది నేను. మీ అమ్మాయి చేతులకు గాజులు తొడిగింది నేను. మీరు పక్కనే కూర్చుని పసుపు రాస్తున్నారు, తప్పు లెక్కని ఒక్క మాట అనలేదు. రేపల్లెలో సరిగ్గా ఉన్న లెక్క శంషాబాదు చేరేసరికి ఎలా తప్పిందో నాకు అర్థం కావడం లేదు. అర్థమయ్యేలా రాయండి.

బిడ్డ బరువెంతో రాయలేదు. పుట్టగానే ఏడ్చాడో లేదో రాయలేదు. ఎవరికైనా మొదట చేతికొచ్చే మాటలు అవి. ఇల్లు చిన్నదన్నారు. పెళ్ళిమాటలకు వచ్చినప్పుడు పదిమందిమి అదే ఇంట్లో వరసగా కూర్చుని భోంచేశాం, అప్పుడు చాలిందే.

ఒక ఫోటో పంపండి. బిడ్డ మొహమే కాకుండా ఒళ్ళంతా కనిపించాలి. రేవతి ఒంట్లో ఎలా ఉందో కూడా రాయండి. మా ఇంటినుంచి బయలుదేరేటప్పుడు పిల్ల బాగానే ఉంది.

శేషారత్నం


మామిడిపల్లి, శంషాబాద్,
1 ఆగస్టు 2011.

వదినగారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, మన్నించండి. ఇంట్లో ఊపిరి సలపడం లేదు. రేవతిని, బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. బరువు కాస్త తక్కువే, తొలిచూలు పిల్లలు సన్నగానే ఉంటారు కదా. పాలు గిన్నెలోకి పిండి చెంచాతో పడుతున్నాం. నర్సు చెప్పినట్టు రేవతి పగలల్లా వాణ్ణి రొమ్ముల మధ్య చీరతో కట్టుకుని కూర్చుంటోంది. తల్లి వేడి తగిలితే మంచిదట. స్నానం ఇంకా పోయడం లేదు.

ఫోటోకు ఇప్పుడే తొందరేముంది. పసిబిడ్డకు ఫోటో తీస్తే దిష్టి అని మీరే కదా మీ ఆడపడుచుగారి మనవరాలి విషయంలో అన్నారు.

మా ఇంటి యజమానురాలు చంద్రమ్మ వచ్చి చూసి పోతూ ఉంటుంది. వాళ్ళు ఇక్కడి పాత కాపులు, ఆమె భర్త పెంటయ్య భూమి కొంత రన్‌వే కిందకే పోయింది. అన్నిటికీ విమానాలనే తిడుతుంది. నిన్న కూడా, "గీ విమానాల సప్పుడుకే గిట్లయితున్నదమ్మా. పైనుంచి పోయినప్పుడల్లా కడుపుల పిల్ల దడుసుకుంటది. మా ముత్తమ్మ బర్రె గుడ నెలలు నిండకముందే ఈనింది. నువ్వు జర పరేషాన్ గాకు, బతుకుతడు తీ" అని ధైర్యం చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మీరూ నవ్వుకుంటారని రాశాను.

ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేటప్పుడు నెల తిరిగేలోపు కళ్ళ డాక్టరుకు ఒకసారి చూపించమన్నారు. కళ్ళకేం, నల్లగా నిగనిగలాడుతున్నాయి. పసిగుడ్డును అప్పుడే గడప దాటించి ఆసుపత్రుల వెంట తిప్పడం ఎందుకని ఊరుకున్నాం. నిదానంగా చూపిస్తాం. బారసాల కూడా కాస్త వాయిదా వేద్దాం.

మంగాదేవి


రేపల్లె,
9 ఆగస్టు 2011.

మంగాదేవిగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు నవ్వు రాలేదు.

నిండునెలల బిడ్డకు విమానాల సాకు ఎందుకు? మీ చంద్రమ్మ 'బతుకుతడు' అని ఎందుకు ధైర్యం చెప్పాలి? నిండునెలల బిడ్డ రొమ్ము పట్టకుండా చెంచాతో పాలెందుకు తాగుతాడు? కళ్ళు నిగనిగలాడుతుంటే కళ్ళ డాక్టరు ఎందుకు? ఒకటి దాచబోయి ఇంకోటి బయట పెట్టుకుంటున్నారు.

సరే, మీ మాటే నిజమనుకుందాం. నిండునెలలే అనుకుందాం. అప్పుడు వెనక్కి లెక్కపెడితే ఎక్కడికి పోతుంది? దసరాకు పోతుంది. మా భార్గవ్ దసరాకే ఓడ దిగాల్సినవాడు. వాడి బదులు మనిషి రాక, సెలవు దొరక్క, కార్తీక పౌర్ణమికి గానీ ఇల్లు చేరలేదు. దసరా పండక్కి రాలేకపోయానని వాడు వాళ్ళ నాన్న దగ్గర ఫోనులో బావురుమన్నాడు. దసరాకు మీ అమ్మాయి మా ఇంట్లో కూడా లేదు. మీ ఇంట్లో ఉంది. మీరే వచ్చి తీసుకెళ్ళారు.

ఈ మాట రాయలేక రెండుసార్లు కలం కింద పెట్టాను. అయినా రాస్తున్నాను. నాకు ఒక్కడే కొడుకు. ఎండలో, ఉప్పుగాలిలో కష్టపడి వస్తున్నాడు. వాడి ఒళ్ళో ఏ బిడ్డను పెడుతున్నానో నాకు తెలియాలి. వాడికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఈయనకు కూడా చెప్పలేదు.

జవాబు తిరుగు టపాలో రావాలి.

శేషారత్నం


మామిడిపల్లి, శంషాబాద్,
14 ఆగస్టు 2011.

శేషారత్నంగారికి,

మీ ఉత్తరం చదివాను. ఎంత మాట అన్నారండీ. నా కూతురి మీద ఇంత మాట రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది.

నేను రాసింది పచ్చి అబద్ధం. డాక్టరమ్మ ఆ మాట అనలేదు, నేనే ఆవిడ నోట పెట్టాను. బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టాడు. కిలోన్నర బరువు. పుట్టినప్పుడు ఏడవలేదు. గాజుపెట్టెలో ముక్కుకు గొట్టం పెట్టి ఊపిరి అందించారు. వాడు దక్కుతాడో లేదో తెలియక నేనూ మా ఆయనా ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్నాం.

ఎందుకు దాచావని అడుగుతారు. సీమంతం నాడు పేరంటాళ్ళందరి ముందూ మీరన్న మాట గుర్తుందా? "ఏడో నెలలో పుడితే నిలుస్తాడు, ఎనిమిదో నెలలో పుట్టినవాడు నిలవడు, నిలిచినా ఇంటికి అచ్చిరాడు" అన్నారు. మీ ఎదురింటి కోడలు అలాగే కంటే, తల్లినీ బిడ్డనూ ఇంకా పుట్టింటి నుంచి తెచ్చుకోలేదని కూడా చెప్పారు. అది విన్నదాన్ని, ఎనిమిదో నెల బిడ్డని మీకు ఏ నోటితో చెప్పను? ఒక నెల పైకి జరిపితే పిల్ల కాపురం నిలబడుతుంది, బిడ్డకు చెడ్డపేరు రాదు అనుకున్నాను. అల్లుడుగారు దసరాకు రాలేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. తట్టి ఉంటే చచ్చినా రాసేదాన్ని కాదు.

రేవతి చేత వాళ్ళాయనతో చెప్పనని ఒట్టు వేయించాను. కళ్ళ డాక్టరు సంగతైతే దానికి చెప్పనే లేదు. ఆ పరీక్ష నెలలు తక్కువ పిల్లలకేనట. తీసుకెళ్తే ఎందుకని పదిమందీ అడుగుతారు, అది ఫోనులో మొగుడికి చెప్పేస్తుంది అని భయపడ్డాను.

ఇక మీరూ ఒకటి వినండి. నొప్పులు ఎందుకు ముందొచ్చాయో డాక్టరమ్మ చెప్పింది. మూత్రంలో చీము చేరింది, జ్వరం వచ్చింది, దాంతో నొప్పులు మొదలయ్యాయి అంది. "మంట ఎన్నాళ్ళ నుంచి?" అంటే రేవతి ఐదో నెల నుంచి అని చెప్పింది. ఐదో నెలలో అది ఎవరింట్లో ఉంది? మీ దగ్గర మంట అని చెప్పుకుంటే వేడి చేసిందని బార్లీ నీళ్ళు కాచి ఇచ్చారట. డాక్టరుకు చూపించలేదట. మాత్రలతో పోయేదాన్ని అంతవరకు తెచ్చింది ఎవరో మీరే ఆలోచించుకోండి.

మంగాదేవి


రేపల్లె,
22 ఆగస్టు 2011.

మంగాదేవిగారికి,

జూలైలో నిండునెలలన్నారు. ఆగస్టులో ఎనిమిదో నెలంటున్నారు. నేను దసరా మాట ఎత్తాక నెలలు తగ్గాయి. ఇందులో ఏది నమ్మమంటారు? ఆసుపత్రి కాగితాలు చూపిస్తానంటారేమో. డాక్టరమ్మ నోట లేని మాట పెట్టినవారికి కాగితం మీద పెట్టించడం ఎంతసేపు.

బార్లీ నీళ్ళు ఇచ్చాను. కాదనను. మా అమ్మ నాకిచ్చింది, నేను నా కోడలికిచ్చాను. నా చేత్తో కాచి, చల్లార్చి, పటికబెల్లం కలిపి ఇచ్చాను. విషం ఇచ్చినట్టు రాశారు. ఏడో నెల నుంచి పిల్ల మీ దగ్గరే ఉంది కదా. మంట అక్కడికి వచ్చాక ఆగిందా? ఆగకపోతే మీరేం ఇచ్చారు? దానికి మాత్రం మీ ఉత్తరంలో జవాబు లేదు.

నాకిప్పుడు ఒకటే దారి కనిపిస్తోంది. ఆ కళ్ళ పరీక్ష నెలలు తక్కువ పిల్లలకే అని మీరే రాశారు. చేయించండి. మీ ఆసుపత్రి వద్దు, సిటీలో పెద్ద కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మా ఆడపడుచు కూతురు సింధూర దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. దానికి చెప్పాను, మీ వెంట వస్తుంది. ఈ బిడ్డ నెలలు నిండి పుట్టాడా, నిండక పుట్టాడా అని ఆ డాక్టరునే అడగండి. సింధూర తన చెవులతో విని నాకు చెప్పాలి. మీ మాట మీద నాకు నమ్మకం పోయింది, ఉన్నమాట చెబుతున్నాను.

భార్గవ్ వచ్చే నెల ఓడ దిగుతున్నాడు. ముంబయి నుంచి వాడు ఏ ఇంటికి రావాలో అప్పటికి తేలిపోవాలి.

శేషారత్నం


మామిడిపల్లి, శంషాబాద్,
5 సెప్టెంబరు 2011.

అత్తయ్యగారికి రేవతి నమస్కారాలు.

ఈ ఉత్తరం అమ్మ రాయాల్సింది. నేనే కలం తీసుకున్నాను. మీ ఉత్తరాలన్నీ కిందటి సోమవారం ఆసుపత్రికి బయలుదేరే ముందు అమ్మ నాకు చూపించింది. అప్పటిదాకా మీరిద్దరూ బారసాల గురించి రాసుకుంటున్నారనే అనుకున్నాను.

సింధూర వచ్చింది. మీరు ఎందుకు పంపారో దాని మొహంలోనే తెలిసింది, పాపం, నా కళ్ళలోకి చూడలేకపోయింది. బాబు కళ్ళలో చుక్కలు వేసి, రెప్పలు మూసుకోకుండా చిన్న కొక్కెం పెట్టి, నెత్తిన దీపం కట్టుకున్న డాక్టరుగారు వంగి చూశారు. వీడు ఏడ్చాడు. వీడికి అంత గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది. చూసి ఆయన కొక్కెం తీసేశారు. తర్వాత ఎన్నో నెలలో పుట్టాడు, గొట్టంతో ఊపిరి ఎన్నాళ్ళు ఇచ్చారు అని అడిగి, "నెలలోపు తీసుకురమ్మని మీకు చెప్పలేదా?" అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల చూసింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా పెరగవట. బయటికొచ్చాక అడ్డదిడ్డంగా పెరిగి, ఆ పొరను లాగి ఊడదీస్తాయట. కుడి కన్ను ఇంకా చేయి దాటిపోలేదని ఆ రోజే లేజరు చేశారు. అది నిలుస్తుందన్నారు. ఎడమ కంట్లో పొర అప్పటికే ఊడింది. ఆపరేషను చేస్తారట గానీ చూపు మీద ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పారు. ఇంకో మూడు వారాలు ముందు తెచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు.

అప్పుడు అమ్మ అడిగింది, "నిండునెలల పిల్లలకు ఈ జబ్బు వస్తుందా డాక్టరుగారూ?" అని. ఆయన, "రాదమ్మా, నెలలు తక్కువ పిల్లలకే వస్తుంది" అన్నారు. అమ్మ సింధూర వైపు తిరిగి, "విన్నావు కదమ్మా, మీ అత్తయ్యకు రాయి" అంది. ఆ క్షణంలో అమ్మ మొహంలో సంతోషం చూశాను అత్తయ్యగారూ. బిడ్డ కన్ను పోయిందని చెబుతున్నచోట, కూతురి పేరు నిలబడిందని సంతోషం. నాకు కడుపు మండిపోయింది. అమ్మ మీద మండింది, మీ మీదా మండింది. మీరడిగిన రుజువు నా కొడుకు ఎడమ కంట్లో దొరికింది.

పరీక్ష చేయించమని పట్టుబట్టింది మీరే. మీరు అలా రాయకపోతే అమ్మ ఇంకా నాన్చేది, కుడి కన్నూ పోయేది. అది మరిచిపోను. మీరు ఎందుకు పట్టుబట్టారో అదీ మరిచిపోను. రెండూ ఒకేసారి ఎలా మోయాలో నాకింకా తెలియడం లేదు.

బార్లీ నీళ్ళ గురించి ఇద్దరూ పోట్లాడుకున్నారు. మంటగా ఉందని మీకు చెప్పాను, మీరు బార్లీ నీళ్ళు ఇచ్చారు. ఇక్కడికొచ్చి అమ్మకూ చెప్పాను, అమ్మ కూడా వేడి చేసిందనే అంది, బార్లీ నీళ్ళే ఇచ్చింది. మీరు పటికబెల్లం వేశారు, అమ్మ ఉప్పేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని రెండిళ్ళలోనూ నోరు తెరిచి అడిగాను. సిగ్గులేకుండా అవన్నీ డాక్టరుకు చెబుతావా అని మీరన్నారు. మగ డాక్టరే ఉన్నాడు, వచ్చే వారం చూద్దాంలే అని అమ్మ అంది. ఆ వారంలోనే జ్వరం వచ్చింది.

ఆయనతో నిన్న మాట్లాడాను. ఓడ రేవులో ఆగినప్పుడు ఫోను చేశారు. అమ్మ వేయించిన ఒట్టు పక్కన పెట్టి అంతా చెప్పాను. నెలల సంగతి, కన్ను సంగతి, మీరు దసరా గురించి రాసిన సంగతి కూడా దాచలేదు. అంతా విన్నారు. తర్వాత, "పాలు తాగుతున్నాడా?" అన్నారు. ఇప్పుడు రొమ్ము పట్టి తాగుతున్నాడని చెప్పాను. ముంబయి నుంచి విమానంలో నేరుగా శంషాబాదుకే వస్తానన్నారు. వాణ్ణి ఆపరేషనుకు తీసుకెళ్ళేది మేమిద్దరమే. దాని తర్వాత ఎక్కడ ఉండాలో కూడా మేమే అనుకుంటాం.

మీరు రావద్దని నేను అనను. మామయ్యగారిని తీసుకుని రండి. వచ్చినవాళ్ళందరూ మొదట వాడి ముక్కు చూసి, చెవులు చూసి ఎవరి పోలికని వెతుకుతున్నారు. మీరు మాత్రం వెతకొద్దు, నేను ఓర్చుకోలేను. తిన్నగా వచ్చి వాడి కుడిపక్కన కూర్చోండి. అటు నుంచైతే వాడికి మీరు కనిపిస్తారు.

రేవతి